ఉంగరాల జుట్టు పొడుగ్గా పెంచడం ఎలా: బోరు నీళ్ల నుంచి చిక్కు తీయడం దాకా

ఇంట్లో ఉంగరాల జుట్టున్న ఆడపిల్ల ఉంటే ఆ తల్లి నోట ఎప్పుడూ వినిపించే మాట ఒకటే: "ఎన్ని నూనెలు పెట్టినా భుజాలు దాటట్లేదు." నల్లగొండలో అడిగినా, మహబూబ్‌నగర్‌లో అడిగినా దీనికి దొరికే సలహా ఇంకో నూనె పేరు. కానీ ఆ జుట్టు పెరగడం ఎప్పుడూ ఆగలేదు. తల మీద వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు, కొందరికి అంతకన్నా కొంచెం ఎక్కువ పెరుగుతూనే ఉంటుంది. ఏడాదికి 12 నుంచి 15 సెంటీమీటర్లు. పైన పెరిగినంతా కింద తెగిపోతోంది, అందుకే పొడుగు కనిపించట్లేదు. కాబట్టి జుట్టు పెంచడమంటే ముందు కొసల్ని కాపాడుకోవడం. ఈ వ్యాసంలో చెప్పేదంతా దాని గురించే.

ఊడుతోందా, తెగుతోందా తేల్చుకోండి

దువ్వెనలో వచ్చిన వెంట్రుకల్ని చెత్తబుట్టలో వేయకుండా ఒక తెల్ల కాగితం మీద పరిచి, వెలుతురులో చూడండి. వెంట్రుక పొడుగ్గా ఉండి, ఒక కొసన ఆవగింజ కన్నా చిన్నదైన తెల్లటి ముద్ద కనిపిస్తే అది కుదురుతో సహా రాలినది. అలా రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం అందరికీ మామూలే. కురచ ముక్కలుగా ఉండి, రెండు కొసల్లో ఎక్కడా తెల్ల ముద్ద లేకపోతే అది మధ్యలో తెగినది. ఇలాంటి ముక్కలే ఎక్కువ కనిపిస్తున్నాయంటే తప్పు నూనెలో లేదు, దువ్వే తీరులో ఉంది.

ఇక్కడ ఒక టెన్షన్ తగ్గించాలి. ఉంగరాల జుట్టులో రాలిన వెంట్రుక కింద పడదు, పక్క రింగుల్లో చిక్కుకుని అక్కడే ఉండిపోతుంది. వారానికోసారి తలకు పోసుకునేవాళ్లకు ఆ వారం రోజులదీ ఒక్కసారే చేతిలోకి వస్తుంది. గుప్పెడు వెంట్రుకలు చూసి భయపడాల్సిన పని లేదు.

అసలు ఈ జుట్టు ఎందుకింత బిరుసుగా ఉంటుంది? ఉంగరాల వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు ఆకారంలో అణిగి ఉంటుంది. అది పుట్టే కుదురు కూడా వంకరగానే ఉంటుంది. మాడులో ఊరే సహజమైన నూనె తిన్నటి జుట్టులో సులువుగా కిందికి దిగుతుంది. వంపులున్న జుట్టులో పై రెండు మూడు వంపుల దగ్గరే ఆగిపోతుంది. అందుకే మాడు జిడ్డుగా ఉన్నా కొసలు ఎండిపోయి ఉంటాయి. వెంట్రుక మీద ఉండే పొలుసుల పొర ప్రతి వంపు దగ్గరా కొంచెం పైకి లేస్తుంది. ఆ పొలుసులు పక్క వెంట్రుకను పట్టుకుంటాయి. చిక్కు పడేది అలాగే.

నీళ్ల సంగతి ముందు చూడండి

మన జిల్లాల్లో జుట్టు గురించి మాట్లాడి నీళ్ల గురించి మాట్లాడకపోతే సగం విషయం వదిలేసినట్టే. నల్లగొండ అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఆ నీళ్లు పళ్లను, ఎముకలను ఏం చేశాయో చెప్పనక్కర్లేదు. అందుకని జుట్టు పాడైనా ఫ్లోరైడ్ మీదే వేసేస్తుంటాం. జుట్టును గరుకుగా చేసేది ప్రధానంగా బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. బకెట్ అంచున, నల్లా మూతి చుట్టూ తెల్లగా పేరుకునేది అదే. సబ్బుతో కలిస్తే ఈ లవణాలు కరగని తెట్టుగా మారి వెంట్రుకకు అంటుకుంటాయి.

మీ నీళ్లు ఎలాంటివో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒక ఖాళీ సీసాలో సగం దాకా బోరు నీళ్లు, ఇంకో సీసాలో అంతే వాన నీళ్లో తాగే నీళ్లో పోయండి. రెండింటిలోనూ చిటికెడు ఒంటి సబ్బు తురుము వేసి, మూత పెట్టి బాగా ఊపండి. నురగ సరిగ్గా లేవకుండా నీళ్లు విరిగిన పాలలా కనిపిస్తే అవి గట్టి నీళ్లు.

అంతమాత్రాన తల మొత్తం క్యాను నీళ్లతో కడగమని కాదు. స్నానం అంతా బోరు నీళ్లతో కానిచ్చి, ఆఖరి రెండు మగ్గులు మాత్రం మంచి నీళ్లు పోసుకుంటే చాలా తేడా ఉంటుంది. మిషన్ భగీరథ నల్లా వచ్చే ఇళ్లలో పొద్దున్నే ఒక చిన్న బిందె పక్కన పెట్టుకోండి. నది నుంచి శుద్ధి చేసి పంపే నీళ్లు సాధారణంగా బోరు నీళ్లంత గట్టిగా ఉండవు. వానాకాలంలో మొదటి వానకు డాబా కడిగినట్టయ్యాక పట్టిన నీళ్లు ఇంకా మేలు. ఆ ఆఖరి లీటరు నీళ్లలో ఒక టీస్పూను నిమ్మరసం కలుపుకోవచ్చు. లేచిన పొలుసులు అణిగి జుట్టు కొంచెం నున్నగా అవుతుంది. మాడు మీద పుండ్లు, గీతలు ఉంటే మాత్రం నిమ్మరసం వద్దు, మండుతుంది.

చాలా ఇళ్లలో ఆర్‌ఓ ఫిల్టర్ పక్క పైపులోంచి వచ్చే వృథా నీళ్లు బకెట్లో పట్టి తలస్నానానికి వాడుతుంటారు. నీళ్లు పారబోయకూడదనే ఆలోచన మంచిదే. కానీ ఫిల్టర్ వదిలేసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి, అవి బోరు నీళ్ల కన్నా గట్టివి. వాకిలి కడగడానికి వాడండి, తలకు వద్దు. కాచిన నీళ్ల విషయానికొస్తే, కాస్తే కొన్ని లవణాలే అడుగున పేరుకుంటాయి, మిగతావి అలాగే ఉంటాయి.

ఎప్పటినుంచో బోరు నీళ్లే వాడుతున్నవాళ్లు నెలకోసారి ఇడిటిఏ (EDTA, లవణాలను పట్టుకుని వదిలించే రసాయనం) ఉన్న షాంపూ వాడితే పేరుకున్న లవణాలు కొంత వదులుతాయి. సీసా వెనక పదార్థాల జాబితాలో ఆ పేరు ఉంటుంది. ప్రతిసారీ అక్కర్లేదు.

దగ్గర ఉంచుకోవాల్సినవి

వెడల్పు పళ్ల దువ్వెన ఒకటి, జుట్టు పాయల్ని విడదీసి పెట్టడానికి నాలుగు క్లిప్పులు, నీళ్లు చల్లే స్ప్రే సీసా, కండిషనర్, మెత్తటి పాత కాటన్ బనియన్ లేదా లుంగీ గుడ్డ, పదునైన చిన్న కత్తెర. ఇంతే. చెక్క దువ్వెనే కావాలని లేదు. ప్లాస్టిక్‌దైతే కొనే ముందు పళ్ల పక్కల వెంబడి గోరు నడిపి చూడండి. అచ్చులో పోసినప్పుడు మిగిలిన సన్నటి గీత గోటికి తగిలితే అది ప్రతి దువ్వులోనూ వెంట్రుకను గీరుతుంది. సంతలో పది దువ్వెనలు తీసి చూస్తే అలాంటి గీత లేనిది ఒకటైనా దొరుకుతుంది.

పేలు తీసే సన్నపళ్ల దువ్వెన ఈ జుట్టు మీద మామూలు రోజుల్లో అసలు పెట్టొద్దు.

నూనె: కొబ్బరినూనెది ఒక దారి, ఆముదానిది ఇంకో దారి

నూనె వల్ల జుట్టు వేగంగా పెరగదు. నూనె చేసే పని వేరు. తలస్నానంలో వెంట్రుక నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆరాక కుంచించుకుపోతుంది. ప్రతిసారీ ఇలా ఉబ్బి తగ్గడంతో లోపలి ప్రొటీన్ కొంచెం కొంచెం పోతుంది. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి వెళ్లగలదు కాబట్టి ఈ నష్టాన్ని తగ్గిస్తుంది. కొబ్బరినూనెను పొద్దుతిరుగుడు నూనెతోనూ, మినరల్ ఆయిల్‌తోనూ పోల్చి చూసిన ఒక పరిశోధన 2003లో వచ్చింది. ప్రొటీన్ నష్టాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అంటే నూనె పెట్టాల్సింది తలస్నానం ముందు. పోసుకోవడానికి గంట ముందైనా, ముందు రోజు రాత్రైనా సరే. మాడుకు రెండు మూడు చుక్కలు చాలు. చేతిలోని నూనెలో ఎక్కువ భాగం చెవుల కింది నుంచి కొసల దాకా పోవాలి. మనం సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తాం: మాడంతా తడిపేసి, కొసలకు చేతికి మిగిలింది తుడుస్తాం.

ఆముదం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పాలమూరు, నల్లగొండ చల్క నేలల్లో ఆముదం పంట తరతరాలుగా ఉంది. ఇంట్లో తీసిన ఆముదం మీద మనవాళ్లకు నమ్మకం ఎక్కువ. వాడకూడదని నేను అనను. కానీ అది బాగా చిక్కటి నూనె, బంకగా ఉంటుంది. ఉంగరాల పొడుగు జుట్టుకు పచ్చి ఆముదం దండిగా పట్టించి, తలపైన కుప్పగా పోసి రుద్ది కడిగితే వెంట్రుకలు ఒకదానికొకటి అతుక్కుని గట్టి ఉండగా మారే ప్రమాదం ఉంది. ఆముదం వాడాక జుట్టంతా ఒక్కసారిగా అట్ట కట్టి, ఆఖరికి కత్తిరించాల్సి వచ్చిన సంఘటన వైద్య పత్రికల్లో నమోదై ఉంది. అందుకని ఒక వంతు ఆముదానికి నాలుగు వంతులు కొబ్బరినూనె కలపండి. అదీ మాడుకు మాత్రమే, కొసలకు వద్దు.

చిక్కు తీయడం

పొడుగు నిలిచేదీ, పోయేదీ ఇక్కడే. తొందరలో ఉన్నప్పుడు మొదలుపెట్టొద్దు. బడికి బస్సు వచ్చే పావుగంట ముందు పిల్లను కూర్చోబెట్టుకుని, "నొస్తుందమ్మా" అంటుంటే "జర ఓర్చుకో బిడ్డా" అంటూ పైనుంచి కిందికి లాగితే ఆ ఒక్క పొద్దునే నెల రోజుల పెరుగుదల పోతుంది. ఆదివారం మధ్యాహ్నం, ఎవరూ తొందరపెట్టని సమయం చూసుకోండి.

పొడిగా ఉన్న జుట్టును ఎప్పుడూ దువ్వొద్దు. పొడి జుట్టులో వెంట్రుకలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి, రింగులు విడిపోయి జుట్టంతా పీచులా లేస్తుంది. అలాగని ఉత్త నీళ్లతో తడిపి దువ్వినా ప్రమాదమే, తడిసిన వెంట్రుక సాగుతుంది, బలహీనంగా ఉంటుంది. కావాల్సింది తడితోపాటు జారుడు. నూనెగానీ కండిషనర్‌గానీ ఉంటేనే వేళ్లు, దువ్వెన జారతాయి.

పని రెండు దఫాలుగా జరగాలి. మొదటిది తలస్నానానికి ముందు, నూనె పెట్టిన జుట్టులో వేళ్లతో. పాపిట తీసి, ముందు రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు పాయలు చేసుకుని మూడింటికి క్లిప్పులు పెట్టండి. జుట్టు ఒత్తుగా ఉంటే ఆరు చేసుకోండి. చేతిలో ఉన్న పాయను మధ్యలో పిడికిలితో గట్టిగా పట్టుకోండి, పిడికిలికి పైన వదులుగా ఉండాలి. అప్పుడు కింద ఎంత లాగినా కుదురుకు నొప్పి తెలియదు. చిన్నపిల్లలు దువ్వెన చూసి పారిపోవడం ఈ ఒక్క పిడికిలితోనే చాలావరకు తగ్గుతుంది. ఇంకో చేతి వేళ్లతో ఆఖరి రెండంగుళాలు విడదీయండి. అక్కడ అడ్డం లేదని తేలాకే పిడికిలి రెండంగుళాలు పైకి జరపండి. అలా కొస నుంచి కుదురు వైపు వెళ్లాలి. పైనుంచి మొదలుపెడితే చిన్న చిన్న చిక్కులన్నీ కిందికి నెట్టుకుపోయి, కొస దగ్గర ఒక పెద్ద ముడి అవుతుంది. తర్వాత దాన్ని తెంపడం తప్ప దారి ఉండదు.

ముడి తగిలినప్పుడు చేయి ఆగాలి. పోచంపల్లిలో, నారాయణపేటలో మగ్గం దగ్గర నూలు చిక్కుపడితే నేత పనివాళ్లు దారం పట్టి లాగరు. చిక్కును నాలుగు వైపులా వదులు చేసి, ఒక్కో పోగునూ పక్కకు తీస్తారు. జుట్టు ముడికీ అదే పద్ధతి. ముడి మీద నూనె చుక్క వేసి రెండు వేళ్ల మధ్య మెల్లగా నలపండి. రెండు బొటనవేళ్లతో ముడిని అడ్డంగా, ఎడమకూ కుడికీ విప్పండి. కిందికి గుంజొద్దు. లోపల రాలిన వెంట్రుక ఉంటే అదే ముడిని బిగించి ఉంచుతుంది. దాని కొస కనిపించగానే పట్టి బయటికి తీస్తే ముడి సగం వదులైపోతుంది. వేళ్లకు అందకపోతే పిన్ను మొన లోపలికి దూర్చి ఒక్కో వెంట్రుకనూ పైకి తీయండి. చెవి దగ్గర పెట్టుకుని వింటే తెలుస్తుంది: టిక్ టిక్ మని సన్నటి చప్పుడు వస్తోందంటే వెంట్రుకలు తెగుతున్నాయి. ఆగి, ఇంకొంచెం నూనె వేయండి.

ఒక పాయ పూర్తవగానే మెలిపెట్టి క్లిప్పు పెట్టేయండి. వదిలేస్తే పక్క పాయతో మళ్లీ కలుస్తుంది.

రెండో దఫా స్నానంలో, షాంపూ కడిగేశాక. కొసల నుంచి సగం పొడుగు దాకా కండిషనర్ దండిగా రాసి, రెండు మూడు నిమిషాలు ఉంచి, అదే నాలుగు పాయల పద్ధతిలో, అదే కొస నుంచి పైకి, ఈసారి వెడల్పు పళ్ల దువ్వెనతో. కండిషనర్ కడగక ముందే దువ్వాలి. ముందే వేళ్లతో తీసి ఉన్నాం కాబట్టి ఇది ఎక్కువసేపు పట్టదు. వారంలో దువ్వెన వాడేది ఈ ఒక్కసారే.

కొసల్లో ఒంటి వెంట్రుక తనకు తానే చుట్టుకుని ముడి పడుతుంటుంది. వేళ్ల మధ్య జారిస్తే ఇసుక రేణువులా తగులుతుంది. ఇది విప్పే ముడి కాదు. దానికి కొంచెం పైన పదునైన కత్తెరతో కత్తిరించండి. వదిలేస్తే పక్కవాటినీ చుట్టేసుకుంటుంది.

జుట్టు అరచేయంత అట్ట కట్టిందనుకోండి. జ్వరంతో మంచం పట్టినప్పుడు, బాలింతగా ఉన్నప్పుడు ఇలా అవుతుంది. అది ఒక్కరోజులో పోయే పని కాదు. నూనె, కండిషనర్ కలిపి పట్టించి, అంచుల నుంచి కొంచెం కొంచెంగా విప్పుతూ రెండు మూడు రోజులు తీసుకోండి. ఎంతకీ రాకపోతే అట్టను అడ్డంగా కోయొద్దు. కత్తెరను నిలువుగా, జుట్టు వెంబడి పెట్టి రెండు మూడు చీలికలు చేస్తే విప్పడం తేలికవుతుంది, పొడుగులో చాలా భాగం మిగులుతుంది. జడలు కట్టిన జుట్టును దేవుడిదని ముట్టుకోకుండా వదిలేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ భక్తిని నేను కాదనను. కానీ అది కడగని, దువ్వని జుట్టు అట్టకట్టడమే. లోపల పేలు, పుండ్లు చేరితే బాధపడేది ఆ మనిషే.

తలకు పోసుకోవడం

షాంపూ మాడుకే. వేళ్ల కొసలతో, గోళ్లు తగలకుండా రుద్దండి. కడిగేటప్పుడు జారే నురగ కొసలకు సరిపోతుంది. జుట్టంతా తలపైకి ఎత్తి బట్టలు పిండినట్టు రుద్దడం మానేయండి, అప్పుడే విప్పిన చిక్కంతా మళ్లీ పడుతుంది. నీళ్లు పైనుంచి కిందికి జుట్టు వెంబడి పోయాలి. వారానికోసారి చాలు. ఎండాకాలంలో చెమటకు రెండుసార్లు.

కుంకుడుకాయ మానాలా? అక్కర్లేదు. కుంకుడులోని నురగ సబ్బులా గట్టి నీళ్లలో తెట్టు కట్టదు, అది దాని మంచి గుణం. కానీ జిడ్డును గట్టిగా తీసేస్తుంది, అసలే ఎండిన కొసలు ఇంకా గరుకవుతాయి. రసం పలుచగా చేసి మాడుకు మాత్రం వాడి, తర్వాత కండిషనర్ పెట్టండి. కండిషనర్ లేకపోతే మందారాకు. గుప్పెడు ఆకులు నీళ్లలో పిసికితే వచ్చే జిగురు మంచి జారుడునిస్తుంది. దాన్ని పలుచని గుడ్డలో వడకట్టడం మాత్రం మరిచిపోవద్దు. ఆకు ముక్కలు, మెంతి పిప్పి, శీకాయ పొడి, గోరింటాకు పొడి, ఇవేవైనా రింగుల్లో ఇరుక్కుంటే రెండు రోజులైనా రావు, చిక్కు పడేది వాటి చుట్టూనే. నా మటుకు నేను పొడుగు పెంచుతున్నన్నాళ్లూ పొడుల పూతలు అసలు వద్దనే చెబుతాను.

ఆరబెట్టడం, రింగులు నిలబెట్టడం

తలంటుకుని వచ్చాక తువ్వాలతో జుట్టును టపటపా కొట్టి ఆరబెట్టడం మన ఇళ్లలో అలవాటు. ఈ జుట్టుకు అది మంచిది కాదు. తువ్వాల మీది నూలు పోగులు లేచిన పొలుసుల్ని పట్టి లాగుతాయి. పాత బనియన్ గుడ్డతో గుప్పిట్లోకి తీసుకుని కింది నుంచి పైకి నొక్కుతూ నీళ్లు పీల్చనివ్వండి.

ఇంకా నీళ్లు కారుతుండగానే అవిసె గింజల జిగురు రాయాలి. బజారులో దొరికే జెల్ కన్నా చవక, ఇంట్లోనే అవుతుంది. పావు కప్పు అవిసె గింజల్ని రెండు కప్పుల నీళ్లలో సన్న మంట మీద కలుపుతూ మరిగించండి. పలుచని కోడిగుడ్డు తెల్లసొనలా సాగగానే దించి, వేడిగా ఉన్నప్పుడే వడకట్టండి. చల్లారితే గుడ్డలోంచి దిగదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, పులిసిన వాసన వస్తే పారేయండి. జిగురును పాయ పాయకూ రాసి, గుప్పిట్లో పట్టి పైకి నొక్కి వదిలేయండి. ఆరేదాకా ముట్టుకోవద్దు. ఆరాక జుట్టు గట్టిగా, కరకరలాడుతూ ఉంటుంది. కంగారు పడొద్దు. అరచేతుల్లో రెండు చుక్కల నూనె రాసుకుని మెల్లగా నలిపితే మెత్తబడి, రింగులు విడివిడిగా నిలుస్తాయి.

సాంబ్రాణి వేసుకోవాలనుకుంటే జుట్టు చాలావరకు ఆరాక, నిప్పులకు దూరంగా.

రాత్రి, మరుసటి రోజులు

ఎనిమిది గంటలు కాటన్ దిండు మీద తల అటూ ఇటూ దొర్లుతుంటే మెడ వెనక చిక్కు పడుతుంది. వదులుగా ఒక జడ వేసుకుని, కొసకు గుడ్డ బ్యాండు పెట్టుకుని పడుకోండి. సన్న రబ్బరు బ్యాండ్లు వెంట్రుకను కోసేస్తాయి. దిండుకు పాత పట్టుచీర ముక్కతో గలీబు కుట్టించుకుంటే ఇంకా మంచిది. గద్వాల చీరలైతే ఒళ్లంతా నూలుండి అంచు, కొంగు పట్టువి ఉంటాయి, అందులో పట్టు భాగం చూసి తీసుకోవాలి. జరీ ఉన్న చోటు మాత్రం వద్దు, అది గీరుతుంది.

పొద్దున్నే దువ్వకుండా, స్ప్రే సీసాతో నీళ్లు చల్లి, వేళ్లతో అణచి, కావాల్సిన జడో కొప్పో వేసుకోండి.

ఎండల్లో, వానల్లో

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 44 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. గాలిలో తేమ ఉండదు. జుట్టు పెళుసుగా మారి తెగుతుంది. ఆ రెండు నెలలు వదులు జుట్టు మానేసి జడే వేసుకోండి. బస్సులో కిటికీ పక్కన, బండి మీద స్కార్ఫు తప్పనిసరి. హెల్మెట్ కింద కూడా పలుచని మెత్తటి గుడ్డ ఉంటే మెడ దగ్గర చిక్కు పడదు. వానలు మొదలయ్యాక సమస్య తిరగబడుతుంది. గాలిలోని తేమను వెంట్రుక పీల్చి ఉబ్బుతుంది, పొద్దున సర్దిన జుట్టు మధ్యాహ్నానికి లేచి నిలబడుతుంది. ఆ నెలల్లో గ్లిజరిన్ ఎక్కువున్న క్రీములు తగ్గించి, అవిసె జిగురు కొంచెం చిక్కగా వాడండి.

బతుకమ్మ రోజుల్లో, పెళ్లిళ్లలో బిగుతు కొప్పులు, పూలజడలు ఒక పూటకు తప్పవు. ఇంటికొచ్చాక అలసటతో అలాగే పడుకోకుండా పిన్నులన్నీ తీసేయండి. స్ప్రే కొట్టించుకుని ఉంటే దువ్వెన పెట్టకుండా ముందు నూనె రాయండి.

బడి పిల్లలు, హాస్టల్ పిల్లలు

రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టే బడి పిల్లలకు కణతల దగ్గర జుట్టు పలచబడుతుంటుంది. రోజూ గట్టిగా లాగి కట్టడం వల్ల కుదుళ్లు దెబ్బతినడమే కారణం. ఏళ్ల తరబడి అలాగే సాగితే అక్కడ మళ్లీ రాకపోవచ్చు కూడా. జడ వేశాక పాప కనుబొమ్మలు పైకెత్తినప్పుడు నుదురు లాగినట్టుందంటే విప్పి మళ్లీ వేయండి.

గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో చదివే పిల్లలకు నీళ్లూ తక్కువే, సమయమూ తక్కువే. వాళ్లకు ఈ వ్యాసంలోదంతా కుదరదు. మూడు పనులు చాలు: ఆదివారం నూనె రాసుకుని స్నేహితురాలితో వేళ్లతో చిక్కు తీయించుకోవడం, చిన్న కండిషనర్ ప్యాకెట్ ఒకటి వాడటం, రాత్రి జడ విప్పకుండా వదులు చేసుకుని పడుకోవడం. పేలు పడితే తల గొరిగించాల్సిన పని లేదు. తడి జుట్టుకు కండిషనర్ దండిగా రాసి, ముందు చిక్కంతా తీసి, ఆ తర్వాతే సన్నపళ్ల దువ్వెనతో పాయ పాయగా దువ్వి, ప్రతిసారీ తెల్ల గుడ్డకు తుడవాలి. మూడు నాలుగు రోజులకోసారి, రెండు వారాలు చేయాలి, ఈపుల నుంచి కొత్త పేలు పుడుతుంటాయి కాబట్టి.

యాదగిరిగుట్టలోనో ఇంకెక్కడో తలనీలాలు ఇస్తే అది మొక్కు, మన నమ్మకం. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందనేది మాత్రం నిజం కాదు. కుదుళ్ల సంఖ్య మారదు. కొసలు మొద్దుగా తెగి ఉంటాయి కాబట్టి కొన్నాళ్లు అలా కనిపిస్తుంది.

కొసలు కత్తిరించడం, పార్లరు పనులు

మూడు నాలుగు నెలలకోసారి ఒక సెంటీమీటరు కత్తిరించుకోండి. చిట్లిన కొస అలాగే ఉంటే చీలిక పైకి పాకుతుంది, అప్పుడు పోయేది నాలుగు సెంటీమీటర్లు. జుట్టు పొడిగా, రింగులు రింగులుగా ఉన్నప్పుడే కత్తిరించాలి. తడిపి లాగి కత్తిరిస్తే ఆరాక అనుకున్నదానికన్నా బాగా పైకి ముడుచుకుపోతుంది. పెరుగుదల కొలవాలంటే మాత్రం ఒక రింగును తిన్నగా లాగి టేపు పెట్టండి, అద్దంలో చూసే పొడుగు సరైన లెక్క కాదు.

స్మూతనింగ్, కెరటిన్ అంటూ జిల్లా కేంద్రాల పార్లర్లలోనూ ఇప్పుడు చేస్తున్నారు. జుట్టు పెంచుకునేవాళ్లు దీని జోలికి పోకపోవడం మేలని నా గట్టి అభిప్రాయం. కుదుళ్ల నుంచి కొత్తగా వచ్చేది ఉంగరాలుగానే వస్తుంది. కింద తిన్నటిది, పైన ఉంగరాలది, రెండూ కలిసే చోట వెంట్రుక బలహీనంగా ఉండి అక్కడే తెగుతుంది. కొన్ని కెరటిన్ మందుల్ని వేడి చేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ వాయువు వెలువడుతుంది, అది కళ్లకూ ఊపిరితిత్తులకూ మంచిది కాదు.

తెల్ల ముద్ద ఉన్న వెంట్రుకలే ఎక్కువ వస్తుంటే

అప్పుడు పైన చెప్పినవేవీ సరిపోవు, ఒంట్లో కారణం వెతకాలి. టైఫాయిడ్, డెంగీ లాంటి జ్వరాలు వచ్చిన రెండు మూడు నెలలకు, కాన్పు తర్వాత కొన్ని నెలలకు జుట్టు కుప్పలుగా రాలుతుంది. చాలామందికి దానంతట అదే ఆగి, మళ్లీ వస్తుంది. రక్తహీనత ఇంకో పెద్ద కారణం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ కూడా చూపించుకోవాలి. మాడు మీద నాణెమంత నున్నటి మచ్చలు పడినా, పొలుసులతో దురద ఆగకపోయినా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి.

తిండిలో జొన్న రొట్టెతోపాటు పప్పు, తోటకూర, పల్లీలు, గుడ్డు ఉండేలా చూసుకోండి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. డాక్టరు ఐరన్ గోలీలు రాస్తే వాటిని చాయ్‌తో వేసుకోవద్దు. చాయ్‌కీ గోలీకీ మధ్య గంట, గంటన్నర తేడా ఉండాలి.